ఆదివారం పూట తోబుట్టువులం

మా మామ దినాలకు పోయిన నెల హిందూపురం వెళ్ళివచ్చాను. మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. హిందూపురం బజారులో బెల్లం అంగడి పెట్టుకుని, చివరిదాకా ఆ అంగట్లోనే కూర్చున్న మనిషి. నేనుండేది ధర్మవరంలో. రైలెక్కితే నడుమ పెనుకొండ వస్తుంది. పెనుకొండ దగ్గరపడేసరికి నేను సంచి సర్దుకునే నెపంతో తల వంచుకోవడం ఏళ్ళ తరబడి అలవాటు. ఈసారి సిగ్నలు దొరక్క రైలు అక్కడ చాలాసేపు నిలిచిపోయింది. ఎంతసేపని సంచి సర్దుకుంటాను? తలెత్తితే కొండ, కొండమీద కోటగోడ, కింద ఇండ్లు అన్నీ కనిపించాయి. హిందూపురంలో దిగేసరికే నా కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మామ కోసం ఏడ్చాననుకున్నారు అందరూ. అదీ అబద్ధం కాదు.

ఇంటి ముందర షామియానా కింద సీన గుండు చేయించుకుని, తడిపంచెతో కూర్చుని, అయ్యవారు చెప్పినదల్లా చేస్తున్నాడు. పిండం పెట్టేటప్పుడు 'నాయనా' అని పిలిచి ఏడ్చేశాడు. కొడుకంటే ఇట్లుండాలి అని చుట్టుపక్కల ఆడవాళ్ళు అనుకున్నారు. నేనూ ఔనన్నాను. సీన మంచి కొడుకు. అందులో అనుమానం లేదు. కాకపోతే వాడు నా తమ్ముడు. మా అన్న ఆది, తర్వాత నేను, నా తర్వాత సీన. ముగ్గురమూ ఒక్క కడుపున పుట్టినవాళ్ళం. వాడు నన్ను 'వదినా' అని పిలుస్తాడు. నలభై దాటిన ఆడదాన్ని, ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు విని ఉంటానో. అయినా అలవాటు కాలేదు.

మామకు పిల్లలు లేరు. పెండ్లయి చాలా ఏళ్ళయినా అత్త కడుపు పండలేదు. ఆసుపత్రులు, మొక్కులు, పెనుకొండ దర్గాలో చక్కెర చదివింపులు అన్నీ అయ్యాయి. అప్పుడు పెనుకొండలో ఉన్న మా అవ్వ, అంటే అమ్మకూ మామకూ తల్లి, ఒకరోజు అమ్మను పిలిపించి, నీకు ఇద్దరు మొగపిల్లలుండారు గదా, ఒకన్ని నీ తమ్మునికియ్యి, మా ఇంటిపేరు నిలబడతాది అంది. అవ్వ మాట అడగడంలా ఉండేది కానీ అది అడగడం కాదు. అమ్మ ధర్మవరం వచ్చి నాయనకు చెప్పింది. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తున్నాడు. కాసేపు మగ్గం చప్పుడు ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది. అంతే, ఆ చప్పుడే మా నాయన ఇచ్చిన జవాబు. పిల్లల్ని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో పిల్లల్ని అడగడం అనే పని ఎవరి ఇంట్లోనూ లేదు.

పెనుకొండలో అవ్వ ఇంట్లో సీనకు కొత్త గుడ్డలు తొడిగి, పదిమంది చూస్తుండగా అమ్మ వాణ్ణి ఎత్తుకుపోయి అత్త ఒడిలో కూర్చోబెట్టింది. వాడికప్పుడు నాలుగేళ్ళు ఉంటాయేమో. చేతిలో పెట్టిన మైసూరుపాకు తింటూ కూర్చున్నాడు. అత్త అడిగింది ఒక్కటే, వరస మారాలి అని. వరస మారకుంటే పిల్లోడు రెండిండ్లకూ కాకుండా పోతాడని అవ్వ కూడా అంది. చిన్నమ్మకో పెద్దమ్మకో ఇచ్చి ఉంటే మాకీ చిక్కు వచ్చేది కాదు, అక్కాతమ్ముళ్ళం అక్కాతమ్ముళ్ళుగానే ఉండేవాళ్ళం. మేనమామకు ఇచ్చేసరికి లెక్కంతా తిరగబడింది. కన్నతల్లి వాడికి అత్త అయింది. నాయన మామ అయ్యాడు. ఆది బావ, నేను వదిన. వీధిలో ఆడవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? మీ మరిది వచ్చినాడు చూడమ్మే, పెండ్లి చేసుకుంటావా అని నన్ను ఏడిపించేవాళ్ళు. మేనవరసల్లో ఇట్లాంటి సరసాలు మా ప్రాంతంలో మామూలే, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నాకు మాత్రం వాళ్ళ జుట్టు పట్టుకుని కొట్టాలనిపించేది. వాడి చెవిపోటుకు వెల్లుల్లి నూనె కాచి పోసిన దాన్ని, నా చంకలో పెరిగినవాడు వాడు.

ధర్మవరంలో మా ఇల్లంటే మగ్గమే. మగ్గానికి పోగా మిగిలిన జాగాలో మేముండేవాళ్ళం. పట్టుకు పెట్టే గంజి వాసన, రంగుల వాసన మా గుడ్డలకు, అన్నానికి కూడా పట్టేసేది. తెల్లారకముందే నాయన గుంటలో దిగేవాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. బడికి పోయేలోపు నేనూ ఆదీ చెరి కొన్ని చుట్టాలి. సీన ఉన్నప్పుడు రాట్నం తాడు పట్టుకుని లాగి, చిక్కు చేసి, అమ్మ చేత తిట్లు తినేవాడు. వాడు పోయాక చిక్కులు పడడం ఆగిపోయింది. అమ్మ ఒక్కోసారి ఊరికే రాట్నం ఆపి కూర్చునేది. ఏందే అని నాయన అడిగితే, దారం తెగిందేమో అనుకున్నాలే అనేది. దారం తెగి ఉండేది కాదు.

అమ్మ కూడా ఒకటే కోరింది. వారానికొకసారి బిడ్డను కండ్లారా చూసుకోవాలి అని. అవ్వ దానికి ఒప్పుకుని, ఆదివారం ఆదివారం మేము ధర్మవరం నుంచి, మామవాళ్ళు హిందూపురం నుంచి పెనుకొండకు రావాలని కట్టడి చేసింది. రెండు ఊళ్ళకూ నడుమ కాబట్టి ఎవరికీ కష్టం లేదు. మేము శనివారం సాయంత్రం చేరేవాళ్ళం. మామ సీనను తీసుకుని ఆదివారం పొద్దున పాసింజరుకు దిగేవాడు. అత్త ఎప్పుడో గానీ వచ్చేది కాదు. అవ్వ గడపలో కూర్చుని వక్కాకు నమిలేది. ఆమె పక్కన కూర్చుంటే వక్కాకు వాసన, సున్నం వాసన, నూనె పెట్టిన జుట్టు వాసన కలగలిసి వచ్చేవి. స్టేషను వైపు నుంచి మనుషులు రావడం మొదలైతే అవ్వ గొంతు సవరించుకునేది. ఆ చప్పుడు వినగానే అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ, వాకిలి దాకా పోయి ఆగేది. వాకిలి దాటేది కాదు. మేనత్త అంతకన్నా తొందరపడకూడదు గదా. సీన పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె ముందర ఆగి, నేర్పినట్టే, 'బాగుండావా అత్తా' అనేవాడు. అమ్మ బాగుండా నాయనా అని వాడి తల నిమిరి లోపలికి పోయేది. ఆ తర్వాత చాలాసేపు పొయ్యి ఊదుతూనే ఉండేది.

అవ్వ ఇంటి పక్కనే హుసేన్‌బీ ఇల్లు. వాళ్ళు పరుపులు, దిండ్లు కుట్టేవాళ్ళు. ముందర గదంతా దూది. ఆ దూది నడుమ, చెక్క తలుపుల పెట్టెలో, ఒక నలుపు తెలుపు టీవీ. ఆదివారం పొద్దున అందులో పిల్లల కోసం ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. ఎక్కడో పరదేశంలో గీసినది, హిందీలో మాట్లాడేది. మాలో ఎవరికీ హిందీ రాదు. హుసేన్‌బీ ఇంట్లో ఉర్దూ కాబట్టి ఆమెకు సగం అర్థమయ్యేది. మిగతా సగం ఆమే కల్పించి, దిండుకు కుట్లు వేస్తూ మాకు తెలుగులో చెప్పేది. తెర మీద తల్లి నవ్వుతూ పిల్లల బుగ్గలు నిమురుతుంటే, హుసేన్‌బీ మాత్రం, పొద్దుగూకేలోపల ఇంటికి రాకపోతే కాళ్ళిరగ్గొడతా అంటాంది వాళ్ళమ్మ అని చెప్పేది. తల్లి అంటే అట్లా అనకుండా ఎట్లా ఉంటుంది అని ఆమె ఉద్దేశం. మేమూ నమ్మేవాళ్ళం.

ఆ సీరియల్లో ఒక కుటుంబం. వాగు ఒడ్డున పడిపోయిన పెద్ద మాను తొర్రలో కాపురం. అవి ఏం జంతువులో ఇప్పటికీ నాకు తెలియదు. గుండ్రటి చెవులు, వెడల్పు తోకలు, ముందర రెండు పెద్ద పళ్ళు. ముంగిసలు అని ఆది, ఉడతలు అని అమ్మ. పందికొక్కులు గానీ అయి ఉంటే నేను చూడనని నేను. తండ్రి చేతిలో సంచి పట్టుకుని పనికి పోయి వచ్చేవాడు. తల్లి ఎప్పుడూ పొయ్యిలోంచి పొగలు కక్కేది ఏదో తీస్తుండేది. ముగ్గురు పిల్లలు. జుట్టుకు రిబ్బను కట్టుకున్న అక్క, ఎప్పుడూ ఆకలి ఆకలి అనే నడిపివాడు, తన దుప్పటిని ఈడ్చుకుంటూ తిరిగే చిన్నోడు. ప్రతి వారమూ దాదాపు ఒకటే కథ. చిన్నోడు ఏదో ఒకటి పగలగొడతాడు, నడిపివాడు చాడీ చెబుతాడు, తిట్లన్నీ అక్కకు పడతాయి. పెద్ద కొట్లాట. అక్క అలిగి పోతుంది. అంతలో ఏదో ఆపద వస్తుంది, ముగ్గురూ ఒకటవుతారు. చివర్లో పిల్లలు ముగ్గురూ ఒకే మంచం మీద పడుకుంటే తండ్రి వచ్చి దీపం ఆర్పుతాడు.

నాకు ఆ కొట్లాటలే ఎక్కువ ఇష్టం. ఎంత కొట్టుకున్నా వాళ్ళ వరస మారదు. చిన్నోడు అక్క రిబ్బను వాగులో పారేసినా, అక్క వాడి దుప్పటి దాచిపెట్టినా, మరుసటి వారానికి వాళ్ళు మళ్ళీ అక్కాతమ్ముళ్ళే. ఇంకో వింత కూడా ఉండేది. తండ్రి మంచం పట్టె మీద కూర్చుని, ఏమైంది, ఎందుకట్లా ఉన్నావు అని పిల్లల్ని అడిగేవాడు. తప్పు తనదైతే ఒప్పుకునేవాడు. ఏ ఇంట్లో చూసినాం అప్పా ఇట్లాంటి నాయన్ని అని హుసేన్‌బీ ముక్కున వేలేసుకునేది. ఆ కుటుంబానికి అవ్వలు, మేనమామలు, మేనత్తలు లేరు. ఎవరూ బండి దిగి వచ్చి, నీకు ముగ్గురుండారు గదా అని అడగరు. నేను చిన్నదాన్నే అయినా అది గమనించాను. చుట్టాలు లేని ఇల్లు ఎంత సుఖంగా ఉందో అనుకున్నాను.

చూసి వచ్చాక అదే ఆట ఆడేవాళ్ళం. అవ్వ ఇంటి వెనక చింతపండు ఆరబోసే బండ మా తొర్ర. ఆది నడిపివాడు, నేను అక్క, సీన అవ్వ పాతచీర ముక్క ఈడ్చుకుంటూ చిన్నోడు. ఆ సీరియల్లో చిన్నోడు అక్కను 'దీదీ' అని పిలిచేవాడు. సీన కూడా నన్ను దీదీ అనడం మొదలుపెట్టాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు భయమేసింది, అవ్వ వైపు చూశాను. అవ్వ వక్కాకు నములుతూ నవ్వింది. మామ కూడా నవ్వాడు. బొమ్మలాటే కదా, ఆ మాట మన మాట కూడా కాదు, ఏమవుతుంది అనుకున్నారు. అక్కా అంటే వరస తప్పు, దీదీ అంటే ఆట. అట్లా ఆదివారం పొద్దున నుంచి మామ సాయంత్రం రైలుకు బయలుదేరేదాకా మేము తోబుట్టువులమై ఉండేవాళ్ళం. కొట్టుకునేవాళ్ళం కూడా. వాడు నా చేయి కొరికితే, నేను వాడి వీపు మీద ఒక్కటి వేస్తే, వాడు ఏడుస్తూ దీదీ కొట్టింది అని అమ్మకే చెప్పుకునేవాడు. అమ్మ ఏ వరసలోనూ పలకకుండా వాణ్ణి ఒళ్ళోకి తీసుకునేది. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ చూడలేదు అని చెబితే మా ఆయన నొచ్చుకుంటాడు గానీ, అదే నిజం.

ఒక ఎండాకాలం ఆదివారం అత్త కూడా వచ్చింది. ఉక్కగా ఉందని ఆమె కూడా మాతో హుసేన్‌బీ ఇంటికి వచ్చి, దూది మూట మీద కూర్చుంది. ఆ వారం కథలో వాగుకు వరద వచ్చి చిన్నోడు అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయాడు. అక్కడ ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. వాణ్ణి తుడిచి, వేడివేడిగా తినబెట్టి, మెత్తటి పక్క వేసి పడుకోబెట్టింది. చాలా మంచిది. వాడికి కూడా ఆమె నచ్చింది. కానీ పొద్దుగూకేసరికి వాడు కిటికీ దగ్గర నిలబడి వాగు అవతలికి చూస్తున్నాడు. హుసేన్‌బీ అక్కడిదాకా చెప్పి, అత్త మొహం చూసి, చెప్పడం మానేసింది. సూది కూడా ఆగింది. చెప్పకపోయినా మాకు అర్థమవుతూనే ఉంది. వానలో అక్క ఒక దుంగ మీద పాకుతూ వాగు దాటి వస్తోంది. చిన్నోడు వాకిట్లోకి పరిగెత్తాడు. సీన నా పక్కనే ఉన్నాడు. తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే నా చేయి పట్టుకుని అడిగాడు.

"అక్కా, నన్ను తోల్కపోను నువ్వెప్పుడొస్తావు?"

దీదీ అనలేదు. అక్కా అన్నాడు. టీవీలో పాట వస్తూనే ఉంది. అత్త వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. లేచి, కొంగు మొహం మీదకు లాక్కుని బయటికి పోయింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. అవ్వ ఎంత బతిమాలినా గోడకు తిరిగి పడుకుంది. సాయంత్రం సీన ఆమె చెంగు పట్టుకుని, అమ్మా, అమ్మా అని తిరిగాడు. ఏదో తప్పు చేశాడని వాడికి తెలిసింది. ఏం తప్పో తెలియక అన్నిసార్లు అమ్మా అన్నాడు. వాడు అట్లా పిలుస్తుంటే వంటింట్లో మా అమ్మ గోడకు ఆనుకుని నిలబడి వినింది. అత్త మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఇప్పుడు లేదు. బిడ్డను ఎప్పుడు ఎవరొచ్చి అడుగుతారో అని బిక్కుబిక్కుమంటూ పెంచిన తల్లి ఆమె.

మరుసటి వారానికి మామ హిందూపురంలో ఇంటికి కలర్ టీవీ తెచ్చాడని కబురొచ్చింది. పిల్లోడు ఇంట్లోనే చూసుకుంటాడు, ప్రతివారం రైల్లో తిప్పితే జబ్బు పడతాన్నాడు అన్నారు. అవ్వ గట్టిగా అడగలేకపోయింది. అమ్మ మాత్రం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు శనివారం సాయంత్రం మమ్మల్ని వెంటబెట్టుకుని పెనుకొండ పోయేది. ఆదివారం పాసింజరు వేళకు వాకిలి దగ్గర నిలబడేది. స్టేషను నుంచి వచ్చే మనుషులందరూ పోయి వీధి ఖాళీ అయ్యాక అవ్వ, "రాడులేమ్మే, లోపలికి రా" అనేది. అమ్మ లోపలికి వచ్చేది. నేను హుసేన్‌బీ ఇంటికి పోయి ఒక్కదాన్నే ఆ సీరియల్ చూసేదాన్ని. ఇప్పుడు హిందూపురంలో వాడు కూడా ఇదే చూస్తుంటాడు, తెర మీద అక్క వచ్చినప్పుడు వాడికి నేను గుర్తొస్తాను అని లెక్క వేసుకునేదాన్ని. కొన్ని నెలలకు ఆ సీరియల్ అయిపోయింది. దాని జాగాలో ఇంకేదో వచ్చింది. ఆటల పోటీలనుకుంటాను.

మళ్ళీ వాణ్ణి సరిగ్గా చూసింది అవ్వ పోయినప్పుడు. వాడికప్పుడు మీసాలు వస్తున్నాయి. వదినా, కాఫీ తాగినావా అని ఎంత మర్యాదగా అడిగాడో. నాకు పెండ్లి కుదిరింది అప్పటికే. ఏదో ఒకటి మాట్లాడాలని, నీకు కలర్ టీవీ ఉండె కదా సీనా, ఆ బొమ్మల సీరియల్లో అక్క రిబ్బను ఏ రంగు, మాకు తెలియనేలేదు అన్నాను. వాడు కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "ఏ సీరియల్ వదినా?" అన్నాడు. చిన్నపిల్లోడు, మరిచిపోయాడు అనుకున్నాను. మరిచిపోతాడని పెద్దవాళ్ళు ముందే చెప్పారు కదా. వాళ్ళు చెప్పినవన్నీ జరిగాయి.

వాడి పెండ్లి హిందూపురంలో ఘనంగా చేశారు. పెండ్లికూతురు చిలమత్తూరు పక్క పల్లె పిల్ల. మా వైపు తాళి కట్టేటప్పుడు పెండ్లికొడుకు ఒక ముడి వేస్తే, మిగతా రెండు ముళ్ళు ఆడపడుచు వేస్తుంది. తమ్ముడి పెండ్లిలో అక్కకు ఉండే హక్కు అది. ఆది పెండ్లిలో నేనే వేశాను. సీన పెండ్లిలో మామ వాళ్ళ దాయాదుల పిల్ల ఎవరో పట్టుచీర కట్టుకుని సిద్ధంగా నిలబడింది. నేను వదిన వరస కాబట్టి అక్షతలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అమ్మ మేనత్త వరసలో ఇంకా వెనక ఉంది. మంగళవాద్యాలు గట్టిగా మోగినప్పుడు నాకు ఏమైందో తెలియదు, రెండు అడుగులు ముందుకు పోయాను. చేతులు కూడా చాచానేమో. సీన తాళి పట్టుకుని నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం చూశాడు. తర్వాత మెల్లగా, నవ్వుతూ, "వదినా, కొంచిం పక్కకు జరుగుతావా, ఫోటోకు అడ్డం వస్తాండావు" అన్నాడు. జరిగాను. పెండ్లి ఆల్బంలో ఆ ఫోటో ఎంతో బాగా వచ్చింది. నేను అందులో లేను.

కొన్నేళ్ళకు అమ్మ పోయింది. ధర్మవరం ఆసుపత్రిలో పదిరోజుల పైనే ఉంది. సీన అంగడి మూసుకుని వచ్చి, ఆదితో సమానంగా తిరిగాడు. కొరివి ఆది పెట్టాడు. సీన పాడె ముందరి కొమ్ము పట్టుకుని, శ్మశానం దాకా ఎవరు భుజం మారుస్తామన్నా మార్చనీయలేదు. మేనల్లుడంటే ఇట్లుండాల అని మా వీధి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుండు ఆది ఒక్కడే చేయించుకున్నాడు. మైల కూడా సీనకు వేరే ఇంటివాళ్ళకు ఉన్నంతే. మూడోరోజు పాలు పోసి, తలకు పోసుకుని, వాడు హిందూపురం రైలెక్కాడు. ఆది ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. ఈ సంగతి ఎత్తితే, అయిపోయినది ఎందుకు తవ్వుతావు అంటాడు. నా పిల్లలిద్దరూ ఎదిగారు, చెరి ఒక ఫోను పట్టుకుని చెరో గదిలో ఉంటారు. అన్నాచెల్లెళ్ళు రోజంతా ఒకరినొకరు పిలుచుకోకుండా గడిపేస్తారు. పిలవొచ్చు, ఎవరూ వద్దనరు. అయినా పిలుచుకోరు. వాళ్ళను చూస్తే ఒక్కోసారి నాకు ఒళ్ళు మండిపోతుంది. పిలుచుకోండిరా అని అరవాలనిపిస్తుంది. ఎందుకో వాళ్ళకు అర్థం కాదు కాబట్టి ఊరుకుంటాను.

మామ దినాలు అయిన రోజు భోజనాలయ్యాక అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. ముడుచుకుపోయిన మనిషి, బొట్టు తీసిన మొహం. నా రెండు చేతులూ పట్టుకుంది. "రత్నా, మీ మామ పోయినాడు. ఇంగ నాకు వాడొక్కడే ఉండాడు. నేను ఉన్నన్నాళ్ళు వానితో పాతవి ఏమీ చెప్పాకు తల్లీ" అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమెకు ఆ భయం పోలేదు. చెప్పను అత్తా అన్నాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎవరి ఏడుపు వాళ్ళది.

సాయంత్రం సీన నన్ను బండి మీద స్టేషనుకు తీసుకొచ్చాడు. రైలు ఆలస్యం. ఇద్దరమూ బెంచీ మీద కూర్చున్నాం. గుండు మీద తువ్వాలు కప్పుకుని, టీ తెచ్చిచ్చి, అమ్మ నీతో ఏం చెప్పింది వదినా అని అడిగాడు. ఏముంది, మోకాళ్ళ నొప్పులంట అన్నాను. వాడు గ్లాసులోకి చూస్తూ నవ్వాడు.

"నేనేం మరిచిపోలేదు. మరిచిపోయే వయసా అది?" అన్నాడు.

పట్టాల వైపు చూస్తూ వాడే నిదానంగా చెప్పుకుంటూ పోయాడు. ఆ ఆదివారం నుంచి అత్త చాలా రోజులు వాడి చేయి పట్టుకునే నిద్రపోయేదట. ధర్మవరం మాట ఇంట్లో వినబడితే చాలు, ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదట. అది చూసి, అంత చిన్నప్పుడే, ఇంక ఏమీ గుర్తులేనట్టు ఉండాలని వాడికి వాడే అనుకున్నాడట. "మీకు మీరుండిరి. ఆమెకు యెవురుండారు?" అన్నాడు. మరి అమ్మనైనా ఒక్కసారి అమ్మా అనింటే ఏమైతాండె సీనా, ఆమె పొయ్యేలోపల అని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"ఆసుపత్రిలో పిలిచినా. మీరు టిఫినుకు పోయింటిరి. అమ్మా అంటి. కండ్లు తెరిచి చూసింది. అత్తా అను నాయనా, మీ అమ్మ వింటే బాధపడతాది అన్నాది."

రైలు వస్తున్నట్టు గంట కొట్టారు. వాడు లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా సంచి అందుకున్నాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు కదా, ఒక్కసారి పిలువు అని అడగాలనుకున్నాను. అడగకుండానే వాడికి తెలిసింది. తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి అంటే నోరు ఊరుకోదు. ఇంటికి పోయినాక ఆమె ముందర కూడా వచ్చేస్తాది. ఆమె ఉన్నన్ని దినాలు ఇట్లే పోనీ వదినా" అన్నాడు. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, రైలు కదిలేదాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

నా తమ్ముడు నన్ను అక్కా అని పిలవాలంటే అత్త పోవాలి. పెనుకొండ దాటేదాకా ఈ ఒక్క ఆలోచనే నాలో తిరిగింది. అంత పాడు కోరిక ఎవరైనా కోరుకుంటారా? పోనీ, కోరుకోకుండా ఉండడమైనా నా చేతిలో ఉందా? ధర్మవరంలో దిగి, ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కోకముందే అత్తకు ఫోన్ చేశాను. బీపీ మాత్ర వేసుకున్నావా అత్తా అని అడిగాను. మరిచిపోయానంది. అయితే ఇప్పుడే వేసుకో, నువ్వు మింగేదాకా నేను ఫోన్ పెట్టను అన్నాను.